సబ్బు గోదాములో నిశ్శబ్దం

అలెప్పో,
16 మార్చి 1994

గౌరవనీయులైన సబీహా అత్తయ్యకి,

మీ మేనల్లుడు హాజిమ్, న్యాయశాస్త్ర పట్టభద్రుడు, నిరుద్యోగంలో మూడో ఏడు పూర్తిచేసుకున్నవాడు, ప్రస్తుతం మీ దంపతుల దయవల్ల సంగీతశాల కార్యదర్శి, మోకాళ్ళ మీద కూలబడి రాసుకుంటున్న విన్నపం. ఇంతకుముందు చేసిన నేరాలకీ, ఈ ఉత్తరంలో చేస్తున్న నేరానికీ, ఎవరో చేసి నా మీదకి తోయబోయే నేరాలకీ కలిపి ఒకేసారి క్షమాపణ వేడుకుంటున్నాను. కంటి ఆపరేషనయి కట్లతో బోర్లా పడుకున్న మనిషికి ఇలాంటి కబుర్లు రాయడం పాపం. రాయకపోతే ఇంకా పెద్ద పాపం. ఉన్న రెండింట్లో చిన్నది ఏరుకోవడం ఒక్కటే నాలుగేళ్ళ చదువు నాకు నేర్పిన విద్య.

మామయ్య వియన్నా నుంచి వచ్చాడు. సబ్బుల ప్రదర్శనకి వెళ్ళిన మనిషి వేరే మనిషై వచ్చాడు. అక్కడ సరుకు కొనే పెద్దమనిషి ఎవరో ఆయన్ని కచేరీకి తీసుకెళ్ళాడట.

"ఒరే హాజిమ్, వెయ్యిమంది కూర్చున్నార్రా! ఒక్కడు నోరు మెదిపితే ఒట్టు. నా పక్క ముసలావిడకి తుమ్మొచ్చింది. ఆపుకుందిరా! మొహం వంకాయ రంగుకి తిరిగింది గానీ, పాటయ్యేదాకా ఆపుకుంది. గౌరవమంటే అదీ. మనవాళ్ళున్నారు, పాటగాడు నోరు తెరిస్తే చాలు, తామూ తెరుస్తారు."

"మామయ్యా, ముప్ఫై ఏళ్ళుగా నెలనెలా మొదటి గురువారం మీ పెరట్లోనే కదా పాట? అందరికన్నా ముందు నోరు తెరిచేది తమరే కదా?"

"అప్పుడు నాకు తెలీదురా."

నేను నెమ్మదిగా చెప్పి చూశాను. షుక్రీ ఉస్తాద్ ఒక చరణం పాడి కళ్ళెత్తి చూస్తాడు. ఊరగాయల అబూ మర్వాన్ "అల్లాహ్!" అంటాడు. అప్పుడు కదా ఆయన అదే చరణాన్ని ఇంకో దోవన తిప్పి ఇంకాస్త పైకి ఎక్కేది? ఆ కేక లేకపోతే తన పాట ఎక్కడ తగిలిందో ఆయనకెలా తెలుస్తుంది? మామయ్య గుండె మీద చెయ్యేసుకున్నాడు. "గొప్ప కళాకారుడికి కేకలక్కర్లేదు. నా షుక్రీ గొప్ప కళాకారుడు." ప్రేమతోనే అన్నాడు అత్తయ్యా, అదే నా ఖర్మ. ద్వేషంతో అనుంటే వాదించి గెలిచేవాణ్ణి.

ఇప్పుడు సంగీతశాలగా మార్చిన మన పాత సబ్బు గోదాము గుమ్మం పక్కన ఒక బోర్డుంది. "శ్రోతలు నిశ్శబ్దముగా వినవలెను. కేకలు, నిట్టూర్పులు, తలలూపుట నిషేధము." అక్షరాలు నావే. తలలూపుట అన్నది వెటకారానికి నేను చేర్చాను. మామయ్య చదివి, "శభాష్, నాకే తట్టలేదు!" అన్నాడు.

ప్రారంభం ఇరవైనాలుగున, గురువారం సాయంత్రం ఐదింటికి. టేపులో పాడనని మొండికేసిన ఉస్తాద్‌ని ఆ రోజు టేపు పెట్టనివ్వమని రెండేళ్ళు బతిమాలి ఒప్పించింది మీరు. ఆయన గొంతులో గడ్డకి వచ్చే నెల తొమ్మిదిన మీ డమాస్కస్‌లోనే కత్తి పెడతారు. ఆ తరవాత గొంతు ఉంటుందో లేదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు. ఆయన వస్లా, ఆ పాటల మాల, ఎనిమిది భాగాలూ వరసగా తెలిసినవాడు ఈ ఊళ్ళో ఇంకొకడు లేడు. ఉన్నది ఒక్క సాయంత్రం. దాన్ని మామయ్య వియన్నాకి ధారపోస్తున్నాడు.

ఆజ్ఞ ఇవ్వండి. మీరు దిగిన మీ చెల్లెలు నజాహ్ అత్త ఇంట్లో ఫోను మోగడం మానేసి ఏడాదయింది కాబట్టి ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను.

మీ పాదధూళిలో కూడా చివరి వరుసవాడు,
హాజిమ్


డమాస్కస్,
19 మార్చి

హాజిమ్,

వెటకారం తగ్గించు. నేను చెప్తుంటే మా చెల్లెలు నజాహ్ రాస్తోంది, నీ పొగడ్తలన్నీ దాంతో చదివించుకుని వినడం నా వల్ల కాదు. నేను అరవకూడదు, ఏడవకూడదు, తల తిప్పకూడదు. నెల రోజులు దిండులోకి చూస్తూ పడుండమన్నాడు డాక్టరు. ఈ స్థితిలో మీ మామయ్య మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో నీకేం తెలుసు.

ఆ పెద్దమనిషికి చెప్పు. షుక్రీ ఉస్తాద్ మన ఇంటికి రావడం మొదలెట్టిన ఏడు ఒక గురువారం నాకు గుర్తుంది. అబూ మర్వాన్‌కి జ్వరమొచ్చి రాలేదు. ఉస్తాద్ రెండు చరణాలు పాడి, "ఈ రోజు ఇంట్లో ఎవరూ లేరు" అని లేచిపోయాడు. పెరట్లో అరవైమంది ఉన్నారు అప్పుడు! ఆయన లెక్కలో అబూ మర్వాన్ లేకపోతే ఇల్లు ఖాళీ. ఇదంతా చూసిన మనిషి ఇప్పుడు బోర్డు పెడతాడా?

బోర్డు తీసెయ్యమను. విడిగా ఆయనకో చీటీ రాయిస్తున్నాను, చేతికివ్వు. నువ్వు మాత్రం ఒక్క పని చెయ్యి. అబూ మర్వాన్‌ని ముందు వరసలో మధ్యలో కూర్చోబెట్టు. పక్కన నువ్వు కూర్చో. నాకు ఆ ఎనిమిది భాగాలూ కావాలి. మాకు పిల్లలు లేరు. సబ్బు అమ్మిన డబ్బుతో మేమిద్దరం ఏం చేశామని రేపెవరైనా అడిగితే చూపించడానికి నాకు కుర్చీలక్కర్లేదు, అది కావాలి.

(నజాహ్ రాస్తున్నది: బాబూ, మీ మామయ్యకి అక్క చెప్పిన చీటీ అక్షరం పొల్లుపోకుండా రాస్తే కాపురం కూలిపోతుంది. కాస్త మెత్తగా రాశాను. అక్కకి చెప్పకు.)

సబీహా


అలెప్పో,
22 మార్చి

అత్తయ్యకి,

చీటీ అందజేశాను. మామయ్య కళ్ళజోడు పెట్టుకుని, తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివాడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"చూశావురా మీ అత్తయ్య! 'మీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యండి, మీ ఇష్టం' అంది. ముప్ఫై రెండేళ్ళ కాపురంలో ఇంత మాట ఎప్పుడూ అన్లేదు!"

మెత్తగా రాసిన చెయ్యెవరిదో నేను చెప్పను. ఆ చెయ్యికి దేవుడు మేలు చేయుగాక, కలం మాత్రం లాక్కొనుగాక. మీ సమ్మతి పత్రం అందిందని మామయ్య పండగ చేసుకుంటున్నాడు. అది సమ్మతి కాదని గంటసేపు వాదించాను. "నీకు పెళ్ళి కాలేదు, నీకు భార్యల భాష తెలీదు" అన్నాడు. భార్యల భాష ఎవరికి తెలీదో రాసి చూపించడానికి కాగితం చాలదు.

మీ పేరు చెప్పుకుని కుర్చీలు మాత్రం నేనే సర్దాను. ముందు వరస మధ్యలో అబూ మర్వాన్, పక్కన నేను. అబూ మర్వాన్‌కి తెల్ల చేతితొడుగులు ఇచ్చి జనాన్ని కూర్చోబెట్టే పని అప్పజెప్పాడు మామయ్య. నలభై ఏళ్ళు ఊరగాయలు తీసిన ఆ చేతులకి తొడుగులు పట్టవు. వేళ్ళ దగ్గర చింపుకుని తొడిగాడు. "ఏం పెద్దాయనా, అరవకుండా ఉండగలవా?" అని అడిగితే, "ఉండలేను బాబూ. నేనేం అరుస్తానా, అది అరుస్తుంది" అన్నాడు, కడుపు చూపించి.

నాకో బిళ్ళ కూడా కుట్టించారు, ఎర్ర పట్టు మీద బంగారు అక్షరాలు. కార్యదర్శి. దాన్ని చూసి మా అమ్మ ఏడ్చింది. మూడేళ్ళలో నన్ను చూసి ఆవిడ సంతోషంతో ఏడవడం ఇదే మొదటిసారి.

మీ బిళ్ళధారి,
హాజిమ్


అలెప్పో,
25 మార్చి, శుక్రవారం

అత్తయ్యా,

డాక్టరు మిమ్మల్ని ఏడవద్దన్నాడు కాబట్టి నవ్వుతూ రాయాలని చూస్తున్నాను.

వస్లా ఎంతసేపో మీకు తెలుసు. గంటా ఇరవై నిమిషాలు, పెరట్లో అయితే రెండు గంటలు. నిన్న పద్నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

నూటయాభైమంది. డమాస్కస్ నుంచి సంస్కృతి శాఖ అధికారులు, వియన్నా పెద్దమనిషి, ఆయన భార్య. గోదాము గోడల్లోంచి ఇంకా సబ్బుల్లో కలిపే లారెల్ నూనె వాసన. ఉస్తాద్ బూడిదరంగు కోటులో వచ్చాడు, ఔద్ వాయించేవాడికి తల ఊపాడు, మొదటి చరణం ఎత్తాడు. ఆ గొంతు! గడ్డ ఉందంటే ఎవరూ నమ్మరు. చరణం చివర ఆగి, ఎప్పటిలాగే కళ్ళెత్తాడు.

ఏమీ లేదు. సబ్బు ఆరుతున్న చప్పుడు కూడా వినిపించేంత ఏమీ లేదు.

తను తప్పు పాడాననుకున్నాడు అత్తయ్యా. స్థాయి దించి మళ్ళీ అదే చరణం ఎత్తాడు. కళ్ళెత్తాడు. ఏమీ లేదు. రాగం మార్చాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, ఈ ఊళ్ళో సగంమందికి పాట నేర్పిన మనిషి, పరీక్షలో పిల్లాడిలా ఒక్కో రాగం తీసి చూపించి, ఇది బావుందా, పోనీ ఇది? అన్నట్టు మా మొహాలు వెతుక్కున్నాడు. నాలుగోసారి కళ్ళెత్తడం మానేశాడు. మూడు భాగాల మొదటి చరణాలు గబగబా అప్పజెప్పి లేచాడు.

అప్పుడు చప్పట్లు కొట్టారు. లేచి నిలబడి మరీ. చప్పట్లు ఆయన మంత్రుల సభల్లో తప్ప వినలేదు. ఆ జనాన్ని చూసి, కోటు గుండీలు పెట్టుకుని, వెనక తలుపులోంచి వెళ్ళిపోయాడు.

మామయ్య కళ్ళలో నీళ్ళు. "విన్నావురా ఆ నిశ్శబ్దం? కట్టిపడేశాడురా! ఊపిరి కూడా తీసుకోలేదు జనం!" పద్నాలుగు నిమిషాలేమిటని అడిగితే, "కళాకారుడి ఇష్టం. కొలవడానికి మనమెవరం?" అన్నాడు.

అబూ మర్వాన్ బయట అరుగు మీద కూలబడి తొడుగులు లాగేస్తున్నాడు. "బాబూ, ఈ కడుపులో పద్నాలుగు 'అల్లాహ్'లు ఇరుక్కుపోయాయి. ఏ డాక్టరుకి చూపించుకోను?"

టేపులో మీకు కావలసిన ఎనిమిది భాగాలు లేవు. పద్నాలుగు నిమిషాలూ, చప్పట్లూ ఉన్నాయి.

నన్ను క్షమించండి అని రాయాలి. ఎందుకో మొదటి ఉత్తరంలో వచ్చినంత బాగా ఇప్పుడు రావడం లేదు.

హాజిమ్


డమాస్కస్,
28 మార్చి

హాజిమ్,

అబూ మర్వాన్ భార్య నిన్న కింది ఇంటివాళ్ళకి ఫోను చేసింది. ఉస్తాద్ ఇంట్లో తలుపులేసుకుని కూర్చున్నాడట. ఎవరెళ్ళినా మీ మామయ్య పేరెత్తి ఒకటే మాటట. "ముప్ఫై ఏళ్ళు వజీహ్ ఇంట అన్నం తిన్నాను. నూటయాభైమందిని పోగేసి నన్ను నోరు మూసుకోమన్నారు."

నోరు మూసుకోమన్నారు. ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? పొగడకపోవడం వేరు, నోరు మూసుకోమనడం వేరు. ఎవరన్నారు? ఎప్పుడన్నారు? పక్కనే కూర్చున్నావు కదా, నువ్వు చూసుండాలి. రాయి.

మీ మామయ్య నిన్న నాకు పువ్వులు పంపాడు. "మన కల నిజమైంది" అని చీటీ. చీటీ నజాహ్ చేత చింపించాను. ముప్ఫై రెండేళ్ళలో మేం ఎన్నో విషయాల్లో కొట్టుకున్నాం. ఎవరి పెళ్ళికి ఎంత పెట్టాలన్నా కొట్టుకున్నాం. పాట విషయంలో మాత్రం ఎప్పుడూ ఒక్క మనిషే మేమిద్దరం. ఇప్పుడు ఆయనతో మాట్లాడాలని లేదు నాకు. అదే చెప్పు.

(నజాహ్: ఈసారి మెత్తగా రాయలేదు. అక్క నా చేతి కదలిక వింటోంది.)

సబీహా


అలెప్పో,
31 మార్చి

అత్తయ్యా,

మీ మాట చెప్పాను. మామయ్య మొదట నవ్వాడు, మీరు హాస్యమాడారనుకుని. తరవాత కుర్చీలో కూర్చున్నాడు. ఇంకా అందులోనే ఉన్నాడు.

ఈ లోపల ఆయన చేసిన మేలు రాస్తాను. దంపతులిద్దరిలో ఎవరు మేలు చేసినా ఊరు బతికి బయటపడటం కష్టమని నా పరిశోధనలో తేలింది.

ప్రారంభమైన మర్నాడే ఉస్తాద్‌కి బహుమానాలు పంపాడు. ఒక బుట్ట ఎడారి పుట్టగొడుగులు, ఈ ఏడు వానలు లేక ఎక్కడా దొరకని సరుకు, ఆలివ్ కొమ్మల మధ్య పెట్టి. దాని మీద బంగారు జేబు గడియారం. మూత మీద చెక్కించిన మాట: "సేవలకు కృతజ్ఞతతో." పదవీ విరమణ రోజున గుమాస్తాలకిచ్చేది! కొట్లో చెక్కడానికి సిద్ధంగా ఉన్న మాట అదొక్కటేనట.

ఉస్తాద్ కొడుకు గడియారం వెనక్కి తెచ్చాడు. "నాన్న చెప్పమన్నాడు. టైమైపోయిందని ఆయనకి తెలుసట, గడియారం అక్కర్లేదట." పుట్టగొడుగులు తెచ్చాడా అని మామయ్య అడిగాడు. "అవి మా అమ్మ వండేసింది" అన్నాడు, నేల చూస్తూ.

మొన్న మామయ్య స్వయంగా వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. తలుపు తియ్యలేదు. మామయ్య తలుపుకి చెంప ఆనించి అరిచాడు. "షుక్రీ! నీ పాటకి జనం మూగబోయార్రా! నిన్ను అవమానించారని ఎవడన్నాడు?"

లోపల్నుంచి ఒక్కటే మాట. "వజీహ్, నువ్వు సబ్బు చూసుకో."

మీరడిగిన ప్రశ్న. ఎవరన్నారో అన్నది. అక్కడ బోర్డుంది అత్తయ్యా, నిలువెత్తు బోర్డు. అందులో ఉన్నదే ఆ మాట. ఇంకొకరు అనాల్సిన పనేముంది? జనం రద్దీగా ఉన్నారు, దీపాలు కళ్ళలో కొడుతున్నాయి. నాకు తెలిసింది ఇంతే.

లా కాలేజీలో నాకు మార్కులు తక్కువ వేసిన గురువులు ఈ పేరా చూస్తే సంతోషిస్తారు.

హాజిమ్


డమాస్కస్,
5 ఏప్రిల్

హాజిమ్,

ఉస్తాద్ నిన్న ఇక్కడికొచ్చాడు, పరీక్షలకి. మేనకోడలి ఇంట్లో దిగాడు. నజాహ్ వెళ్ళి కలిసింది. నేను బోర్లా పడున్నానని విని, "ఆవిడకి మనుషులు కనిపించరు, నాకు వాళ్ళ కేక వినిపించదు, మంచి జోడీ" అన్నాడట. తరవాత, "శుక్రవారం నమాజయ్యాక వస్తాను. ఆవిడ కోసం. టేపు పెట్టుకుంటే పెట్టుకోండి" అన్నాడట.

హాజిమ్, విన్నావా? శుక్రవారం. కోత శనివారం పొద్దున్న.

నేను అరవకూడదు. అబూ మర్వాన్ కావాలి. టేపు యంత్రం కావాలి. ఎవరి కారులో వస్తారో నాకనవసరం. మీ మామయ్య కారే అయితే, ఆయన్ని మాత్రం గుమ్మం బయట ఉండమను.

సబీహా


అలెప్పో,
7 ఏప్రిల్

అత్తయ్యా,

కారు తెల్లవారకముందే బయల్దేరింది. వెనక సీట్లో టేపు యంత్రం, దాన్ని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని అబూ మర్వాన్, కాళ్ళ దగ్గర వంకాయ ఊరగాయ డబ్బా. స్టీరింగు దగ్గర మామయ్య, గడ్డం గీసుకోకుండా.

"నువ్వూ రారా" అన్నాడు. గోదాముకి రంగులవాళ్ళు వస్తున్నారని చెప్పాను. రంగులవాళ్ళు రావడం లేదు.

హాజిమ్


డమాస్కస్,
10 ఏప్రిల్

హాజిమ్,

పెద్ద ఉత్తరం. నజాహ్ చెయ్యి నొప్పి పుడితే ఆగి ఆగి రాస్తుంది.

గదిలో పదకొండుమంది. నేను మంచం మీద బోర్లా, మొహం దిండులో. ఉస్తాద్ నా తల దగ్గర కుర్చీ వేసుకున్నాడు. ఔద్ లేదు. గోడకి పక్కింటివాళ్ళు ఆనుకుని కూర్చున్నారు. మొదటి చరణం అయ్యింది. అబూ మర్వాన్ "అల్లాహ్!" అన్న అరుపుకి కింది అంతస్తులో పసిబిడ్డ ఏడ్చింది. ఉస్తాద్ నవ్వడం విన్నాను నేను. తరవాత ఎక్కాడు. ఎంత పైకి ఎక్కాడని! నేను అరవకూడదు కదా, మంచం కోడు మీద అరచేత్తో కొట్టాను. అది పట్టుకున్నాడు. ఒకటి అబూ మర్వాన్ కేకకి తిప్పాడు, ఒకటి నా దెబ్బకి.

మూడో భాగంలో మెట్ల మీంచి వచ్చింది. "ఆహ్! అల్లాహ్, షుక్రీ!" గుమ్మం బయట ఉండమన్నాను కదా, ఉన్నాడు. నోరే ఉండలేదు.

ఉస్తాద్ ఆగాడు. నజాహ్ భయపడిపోయింది. "ఆ మెట్ల మీద మనిషిని లోపలికి పిలవండమ్మా" అన్నాడు, "మోకాళ్ళ నొప్పులవాడు." మీ మామయ్య వచ్చి నేల మీద కూర్చున్నాడు. ఆ తరవాత అబూ మర్వాన్‌కి కూడా సందు దొరకలేదు.

ఏడు భాగాలు పాడాడు. ఏడోది అయ్యేసరికి గొంతు చిరిగింది. మంచినీళ్ళు తాగి ఎనిమిదోది ఎత్తాడు. గాలి వచ్చింది. మళ్ళీ ఎత్తాడు. గాలే. అప్పుడు మోకాలి మీద చేత్తో తాళం వేశాడు, మొదటి నుంచి చివరిదాకా, పాట ఉన్నట్టే. ఎనిమిదో భాగమంతా ఆ చెయ్యే. టేపులో కూడా అంతే ఉంది. అది ఇంకెవరికీ రాదు. తనూ తాత దగ్గర ఒక్కసారే విన్నాడట.

శనివారం కోశారు. ప్రాణానికి ఢోకా లేదు. గొంతు తీసేశారు.

ఇప్పుడు అసలు సంగతి. పాటయ్యాక మీ మామయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "నోరు మూసుకోమన్నది నా బోర్డే షుక్రీ. ఇవాళే పీకించేస్తాను."

ఉస్తాద్ అన్నాడు, "బోర్డా? నాకు చదువు రాదు వజీహ్. ముప్ఫై ఏళ్ళ నుంచి తెలిసిన మనిషివి, అది కూడా తెలీదా నీకు?"

"మరి ఎవరు?" అని నేనడిగాను దిండులోంచి.

ఉస్తాద్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "వదిలెయ్యమ్మా" అన్నాడు. "కళ్ళారా చూశాను. పేరు చెప్పి ఏం లాభం?"

మీ మామయ్య అప్పటినుంచి అన్నం ముట్టలేదు. ఆ రోజు తనే మొదటి వరస చివర కూర్చుని ఏదో సైగ చేసుంటానని, జనాన్ని ఆపబోయి ఆయనకే చెయ్యి చూపించుంటానని తలచుకుని తలచుకుని, ఇప్పుడు చేశాననే నమ్ముతున్నాడు. ఉస్తాద్ స్నేహం కొద్దీ పేరు చెప్పలేదంటున్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను. ఇంకెవరు చేస్తారు? హాలుకి తాళం వేసి, వచ్చే నెల పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చేస్తానంటున్నాడు. ఇయ్యమన్నాను. ఆ ఎనిమిదో భాగం పోయినందుకు ఆయన్ని నేను క్షమించలేను హాజిమ్. ప్రయత్నించాను. ఒకే గదిలో ఉన్నాం, ఆయన ఊపిరి నాకు వినిపిస్తోంది, మాట మాత్రం రావడం లేదు.

సబీహా


అలెప్పో,
12 ఏప్రిల్

అత్తయ్యా,

నజాహ్ అత్త ఈ ఉత్తరం గట్టిగా చదవాలి. మామయ్య గదిలో ఉండాలి. చదివాక ఆసుపత్రికి పట్టుకెళ్ళి ఉస్తాద్ దగ్గర కూడా చదవాలి. అక్కడ మామయ్యే చదివితే మంచిది. మెత్తబరచకండి.

మామయ్య ఏ సైగా చెయ్యలేదు. ఆ పద్నాలుగు నిమిషాలూ ఆయన చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. నేను చూశాను.

ఆ బోర్డు రాసినప్పటినుంచి దాన్ని వెక్కిరించింది ఊళ్ళో నేనొక్కణ్ణే. మీకు రాసిన ప్రతి ఉత్తరంలోనూ వెక్కిరించాను. ఆ సాయంత్రం మాత్రం నా కోటు మీద బిళ్ళ ఉంది. నా వెనక వరసలో డమాస్కస్ అధికారులున్నారు, వాళ్ళలో ఒకాయన లోపలికొస్తూ బిళ్ళ చదివి, "ఓహో, కార్యదర్శిగారా" అని నాకు చెయ్యిచ్చాడు. మూడేళ్ళలో నన్ను ఎవరైనా గారూ అనడం అదే. మా శాఖలో ఖాళీలున్నాయి, కనబడు అన్నాడు. ఆయన నా వెనకే కూర్చున్నాడు.

మొదటి చరణం అయింది. మీరు చెప్పినట్టే అబూ మర్వాన్ నా పక్కనే ఉన్నాడు. ఆయన ఛాతీ పొంగింది. నోరు తెరిచాడు. ఇంకో అరక్షణంలో ఆ కేక బయటికొచ్చేది, వచ్చుంటే ఎనిమిది భాగాలూ వచ్చేవి. నా వెనకున్న మనిషి ఏమనుకుంటాడో అనిపించింది. అంతే అనిపించింది, ఇంకేం లేదు.

అబూ మర్వాన్ నా వైపు తిరిగాడు. నన్ను చూసి నోరు మూసుకున్నాడు. కార్యదర్శి చెప్పాడు కదా అని ఊరుకున్నాడు. పాపం, ఆయనకి ఇప్పటికీ ఏం తెలీదు, ఎందుకంటే ఆయన వేదిక వైపు చూడటం లేదు. ఉస్తాద్ సరిగ్గా అప్పుడే కళ్ళెత్తాడు. ఎప్పుడూ చూసే చోటికే, అబూ మర్వాన్ కూర్చునే చోటికే చూశాడు. అక్కడ నేను కనిపించాను. ఆయన చూపూ నా చూపూ కలిశాయి. ఆయనకి ఏం అర్థమైందో నాకు అప్పుడే అర్థమైంది. దించలేదు. దించితే వెనకాయన చూస్తాడనుకున్నాను.

నా వేలు నా పెదవుల మీద ఉంది.